సంస్థలో భద్రతా వ్యవస్థ: మొదటి రోజు నుంచి ఎలా కట్టుకురావాలి

చాలా సంస్థల్లో భద్రత బాధ్యత ఒకరి నెత్తిన పడే తీరు ఒకటే. మీటింగు అయిపోయి అందరూ లేస్తున్నప్పుడు పెద్దాయన ఒకరివైపు తిరిగి, "ఇకనుంచి సేఫ్టీ కూడా కాస్త నువ్వే చూసుకో" అంటారు. ఆ "కూడా", ఆ "కాస్త" రెండూ గమనించండి. ఆ మనిషి మర్నాడు చేసే పనీ దాదాపు ఒకటే. హెల్మెట్లు ఆర్డరు పెడతాడు, పోస్టర్లు అచ్చు వేయిస్తాడు, ఇంటర్నెట్‌లో దొరికిన ఒక భద్రతా విధానంలో సంస్థ పేరు మార్చి, ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తాడు. నేనూ అదే చేశాను. మూడు నెలలు పోయాక చూస్తే హెల్మెట్లు బీరువాలో ఉన్నాయి, పోస్టర్లు గోడ మీద ఉన్నాయి, ప్రమాదాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అలాంటి బాధ్యత కొత్తగా మీద పడ్డవారి కోసం ఇది రాస్తున్నాను. ఫ్యాక్టరీ, గోడౌన్, ఆసుపత్రి, ఆఫీసు ఏదైనా వరుస ఇదే, లోతు మాత్రం మారుతుంది. మీ చోట వర్తించే చట్టం ఏం అడుగుతోందో విడిగా చూసుకోండి. చట్టం చెప్పేది కనీసం మాత్రమే.

1. పైవారి దగ్గర మూడు విషయాలు తేల్చుకోండి

పని మొదలుపెట్టకముందే సంస్థ అధిపతితో ఒక అరగంట కూర్చోండి. "భద్రతకు మా పూర్తి సహకారం ఉంటుంది" అన్న మాట ఒక్కటే పట్టుకుని లేచి రావద్దు, దాంతో ఏ పనీ జరగదు. మూడు ప్రశ్నలు అడగండి. ప్రమాదం కనిపిస్తే పని ఆపే హక్కు ఎవరికుంది? అలా ఆపినందుకు ఆ రోజు ఉత్పత్తి తగ్గితే ఎవరిని నిలదీస్తారు? మెషిన్‌కు ఒక గార్డు (కప్పే మూత), ఒక రెయిలింగు, ఒక లైటు లాంటి చిన్న ఖర్చులకు ఎవరి సంతకం అక్కర్లేకుండా నేను ఎంతదాకా పెట్టవచ్చు?

మొదటిదానికి "అందరికీ" అనే జవాబు రావాలి, నిన్న చేరిన కుర్రాడితో సహా. రెండోదానికి "ఎవరినీ అడగం" అని రావాలి. ఈ రెండూ రాతపూర్వకంగా, అధిపతి పేరుతో అందరికీ చేరాలి. మూడోది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నా అనుభవంలో అసలు కీలకం అదే. ఒక రెయిలింగు కోసం ఫైలు మూడు వారాలు తిరిగితే, ఆ రెయిలింగు లేదని చెప్పిన మనిషి ఇంకోసారి నోరు తెరవడు.

1987లో ఆల్కోవా అనే అల్యూమినియం కంపెనీకి పాల్ ఓనీల్ అధిపతిగా వచ్చారు. ఇన్వెస్టర్లతో జరిగిన తొలి సమావేశంలో లాభాల కన్నా ముందు కార్మికుల భద్రత గురించి మాట్లాడితే కొందరు కంగారుపడిపోయారు. తర్వాతి ఏళ్ళలో గాయాలు బాగా తగ్గాయి, లాభాలూ పెరిగాయి. మేనేజ్‌మెంటు పాఠాల్లో ఈ కథను లాభాల కోసం చెబుతుంటారు. అందులో నాకు పనికొచ్చింది ఒక చిన్న నిబంధన: ఎవరికి గాయమైనా ఆ విభాగం అధిపతి 24 గంటల్లో ఓనీల్‌కు కబురు చెప్పాలి, మళ్ళీ జరగకుండా ఏం చేస్తారో కూడా చెప్పాలి. 24 గంటల్లో పైకి చెప్పాలంటే విభాగం అధిపతికి ఇంకా ముందే తెలియాలి, సూపర్‌వైజర్‌కు అప్పటికప్పుడే తెలియాలి. అంటే కింది నుంచి పైదాకా మాట నడిచే దారి ఒకటి ఏర్పడక తప్పదు. ఇకముందు చెప్పే మెట్లన్నీ ఆ దారి మీదే ఆధారపడి ఉంటాయి.

2. వారం రోజులు నడవండి

ఫారాలు నింపడానికి ముందు పని జరిగే చోట తిరగండి. మొదటి రెండు రోజులు చేతిలో నోటు పుస్తకం కూడా వద్దు. పుస్తకం, పెన్ను చూస్తే మనుషులు హెల్మెట్ సర్దుకుంటారు, మీకు నాటకం కనిపిస్తుంది.

నేను చూసిన ఒక కన్వేయర్ (సరుకు మోసుకెళ్ళే బెల్టు) సంగతి చెబుతాను, చివరిదాకా పనికొస్తుంది. బెల్టు మీద పెట్టెలు అడ్డం తిరిగి ఇరుక్కుపోయేవి. రాసి ఉన్న పద్ధతి ప్రకారం మెషిన్ ఆపి, మెయింటెనెన్సు వారిని పిలవాలి. నేను నిలబడిన గంటలో నాలుగుసార్లు ఇరుక్కుంది. నాలుగుసార్లూ అక్కడి మనిషి పక్కనే ఉన్న ఒక పొడవాటి కర్ర తీసి, నడుస్తున్న బెల్టు మీదే పెట్టెను నెట్టాడు. ఆ కర్రకు పట్టుకునే చోట గుడ్డ చుట్టి ఉంది. అంటే ఇది ఇవాళ నిన్నా మొదలైంది కాదు, దానికొక పిడి కూడా తయారైంది! "మెషిన్ ఆపవచ్చు కదా?" అంటే, "ఆపితే వాళ్ళు రావడానికి నలభై నిమిషాలు పడుతుంది సార్, టార్గెట్ ఎవరు పూర్తిచేస్తారు?" అన్నాడు.

రాసిన పని ఒకటి, జరిగే పని ఒకటి. ఆ రెంటి మధ్య తేడా ఎక్కడుందో వెతకడమే ఈ వారం పని. అడగాల్సిన ప్రశ్నలు కూడా తిన్నగా ఉండకూడదు. "ఇక్కడ ప్రమాదాలేమైనా ఉన్నాయా?" అంటే "ఏం లేవు సార్" అనే వస్తుంది. "ఈ పనిలో విసుగు పుట్టించేది ఏది? కొత్తగా వచ్చినవాళ్ళకు ముందు ఏం జాగ్రత్త చెబుతారు? తొందరలో ఉన్నప్పుడు దేన్ని వదిలేస్తారు?" అని అడగండి. కొత్తవాళ్ళకు చెప్పే జాగ్రత్తల్లో ఆ చోటి ప్రమాదాల చరిత్ర మొత్తం ఉంటుంది.

పగటి షిఫ్టు ఒక్కటే చూసి ఊరుకోవద్దు. రాత్రి షిఫ్టు, షిఫ్టు మారే పావుగంట, శుభ్రం చేసే సమయం, రిపేరు రోజులు, లారీ దించే చోటు, మేడ మీద నీళ్ళ ట్యాంకు చూడండి. రోజువారీ పనిలో అందరికీ అలవాటు ఉంటుంది. ఎప్పుడో ఒకసారి చేసే పనిలోనే తడబడతారు.

3. జాబితా రాయండి, నెమ్మదిగా చంపేవాటిని మరవకండి

ఇప్పుడు పుస్తకం తీయండి. ప్రతి పనికీ మూడు విషయాలు రాయండి: హాని చేయగలిగింది ఏది, ఎవరికి, ఎలా. "మెషిన్ ప్రమాదకరం" అని రాస్తే ఏ పనికీ రాదు. "కన్వేయర్ నడుస్తుండగా ఇరుక్కున్న పెట్టెను తీసేటప్పుడు చెయ్యో, చొక్కా చేతులో రోలర్‌లోకి లాగేసుకోవచ్చు" అని రాస్తే, చదివినవాడికి ఏం చేయాలో సగం తెలిసిపోతుంది.

పడటం, కోసుకోవడం, కాలడం, కరెంటు షాకు, వాహనం గుద్దడం లాంటివి అందరికీ గుర్తుంటాయి. జాబితాలో పడకుండా జారిపోయేవి ఆరోగ్యానికి సంబంధించినవి, ఎందుకంటే వాటికి రక్తం కారదు. రాయి, కాంక్రీటు కోసేటప్పుడు లేచే సన్నటి సిలికా దుమ్ము ఊపిరితిత్తులను ఏళ్ళ తరబడి పాడుచేస్తుంది. సిలికోసిస్ అనే ఆ జబ్బు వచ్చాక వెనక్కి తిప్పే మందు లేదు. శబ్దానికి చాలామంది వాడే హద్దు 8 గంటలకు 85 డెసిబెల్స్. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ లెక్కలో, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ భరించదగిన సమయం సగమైపోతుంది. 88 దగ్గర నాలుగు గంటలు, 91 దగ్గర రెండు, 100 దగ్గర పావుగంటే. కొలిచే పరికరం లేకపోతే ఒక మోటు పద్ధతి ఉంది. చేతి దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తుంటే అక్కడ కొలవాల్సిందే.

బరువులకు కూడా ఒక అంకె గుర్తుపెట్టుకోవచ్చు. అదే నియోష్ సూత్రంలో రెండు చేతులతో ఎత్తే బరువు 23 కిలోల దగ్గర మొదలవుతుంది. అదీ శరీరానికి దగ్గరగా, నడుము తిప్పకుండా, సరైన ఎత్తులో ఎత్తితేనే. దూరం, వంపు, ఎన్నిసార్లు ఎత్తుతున్నారు అన్నదాన్ని బట్టి అక్కడి నుంచి తగ్గుతూ పోతుంది. రసాయనాలుంటే ప్రతి డబ్బాకూ సేఫ్టీ డేటా షీటు తెప్పించండి. అంతర్జాతీయ పద్ధతిలో దానికి 16 భాగాలుంటాయి. పని చేసేవారికి ముందు కావాల్సినవి రెండో భాగంలోని ప్రమాదాలు, నాలుగులోని ప్రథమ చికిత్స, ఎనిమిదిలోని రక్షణ సామగ్రి. ఈ మూడింటినీ వారి భాషలో ఒక పేజీకి కుదించి డబ్బాలున్న చోటే పెట్టండి. స్టోరు రూములో ఫైలు చేసిన షీటు ఎవరి కళ్ళూ కాపాడదు. ఆఫీసుల్లో ఉన్నవారు తమకు ఇవేవీ లేవనుకుంటారు. మెడ నొప్పి, పని ఒత్తిడి, పై అధికారి వేధింపు, రాత్రి ఒంటరిగా ఉండే రిసెప్షను ఉద్యోగి, ఇవన్నీ జాబితాలోకి రావాల్సినవే.

తర్వాత, ఏది ముందు సరిచేయాలో తేల్చాలి. ఎంత తరచుగా జరగవచ్చు, జరిగితే ఎంత నష్టం అని ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు వేసి గుణించే పట్టిక అందరూ వాడేదే. వాడండి గానీ నమ్మేయకండి. రోజూ వేలు కోసుకునే పనికి 4 రెళ్ళు 8. ఎప్పుడో ఒకసారి మనిషి పోయే పనికి 2 నాలుగులు 8. పట్టిక ఈ రెంటినీ ఒకే వరుసలో కూర్చోబెడుతుంది. అందుకే నేను ప్రాణం తీయగలవాటిని ముందే వేరే కాగితం మీద రాసుకుంటాను. ఆ కాగితం ఖాళీ అయ్యేదాకా పట్టిక వైపు చూడను.

4. అదుపు చేసేటప్పుడు పై మెట్టు నుంచి రండి

భద్రత చదువుకున్న ప్రతివారికీ ఐదు మెట్ల వరుస ఒకటి నేర్పుతారు. ప్రమాదాన్ని పూర్తిగా తీసేయడం, తక్కువ ప్రమాదమున్న దానితో మార్చడం, మనిషికీ ప్రమాదానికీ మధ్య అడ్డం కట్టడం, పనిచేసే పద్ధతీ నియమాలూ మార్చడం, ఆఖరున ఒంటికి తొడిగే రక్షణ సామగ్రి. పై మెట్టు ఎంత గట్టిదంటే, దానికి ఎవరి జ్ఞాపకశక్తీ అక్కర్లేదు. కింది మెట్టుకు వచ్చేకొద్దీ ప్రతి మనిషీ, ప్రతి రోజూ, ప్రతి నిమిషమూ సరిగ్గా ఉండాలి. అలా ఉండగల మనిషిని నేనింకా చూడలేదు, నన్ను అద్దంలో చూసుకున్నా సరే.

మన కన్వేయర్‌నే తీసుకోండి. మొదట అందరికీ తట్టిన ఉపాయాలు రెండు: "నడుస్తున్న బెల్టులో కర్ర పెట్టరాదు" అని బోర్డు, మందపాటి గ్లవ్స్. రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే తిరిగే రోలర్ దగ్గర గ్లవ్స్ చేతిని లోపలికి లాగేస్తాయి. పై మెట్టు నుంచి అడిగితే ప్రశ్నే మారిపోతుంది: పెట్టె అసలు ఎందుకు ఇరుక్కుంటోంది? మలుపు దగ్గర పక్క పట్టీ మరీ దూరంగా ఉండి, చిన్న పెట్టెలు అడ్డం తిరుగుతున్నాయి. పట్టీని లోపలికి జరిపితే చాలావరకు ఆగిపోయింది. మిగిలిన కొద్దిపాటికి రోలర్‌ను కప్పే గార్డు, చేయి చాపితే అందే చోట ఆపే తాడు, ఆపాక మెయింటెనెన్సు కోసం ఎదురుచూడకుండా ఆపరేటరే తీసుకునేలా శిక్షణ. ఇవన్నీ అయ్యాక బోర్డు పెట్టాలా వద్దా అని ఆలోచించాం. అక్కర్లేకపోయింది.

ఇలాంటివి ఎక్కడైనా దొరుకుతాయి. ఎత్తున ఉన్న బల్బులు మార్చడానికి నెలకోసారి నిచ్చెన ఎక్కుతుంటే, దీపాన్నే కిందికి దించుకునే ఏర్పాటు ఉందేమో చూడండి, లేదా ఏళ్ళు మన్నే దీపాలు పెట్టండి. నిచ్చెన తప్పదంటే నాలుగుకు ఒకటి లెక్క: నాలుగు మీటర్ల ఎత్తుకు ఆనిస్తే అడుగు గోడకు మీటరు దూరంలో ఉండాలి. శుభ్రం చేసే చోట బ్లీచునూ ఆమ్లమున్న క్లీనర్‌నూ పక్కపక్కన పెట్టవద్దు, ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. వేర్వేరు గదుల్లో పెడితే ఏ బోర్డూ అక్కర్లేదు.

రక్షణ సామగ్రి వద్దని చెప్పడం లేదు. అయితే కొనేముందు వాడేవారి చేత తొడిగించి చూడండి. ఆడవారి చేతులకు సరిపడని గ్లవ్స్, కళ్ళజోడు మీద కూర్చోని గాగుల్స్, గడ్డం ఉంటే గాలి లోపలికి వచ్చేసే మాస్కు కొని, తర్వాత "వీళ్ళు వాడరు" అని వాళ్ళ మీద నెపం వేయడం చాలాచోట్ల చూశాను.

5. ప్రాణాంతకమైన పనులకు పర్మిట్ పెట్టండి

కొన్ని పనులు అలవాటుగా మొదలుపెట్టేయకూడదు. మూసి ఉన్న ట్యాంకులోకి, గుంటలోకి దిగడం, వెల్డింగు లాంటి నిప్పు పనులు, ఎత్తులో పని, కరెంటు లైన్లు, విప్పిన మెషిన్ల రిపేరు. వీటికి ముందుగా ఒక కాగితం ఉండాలి. ఏ పని, ఎక్కడ, ఎంతసేపు, ఏమేం మూసేశాం, ఎవరు తనిఖీ చేశారు అన్నది అందులో రాసి ఉండాలి.

పర్మిట్ ఉన్నంత మాత్రాన సరిపోదని చెప్పే ఘటన పైపర్ ఆల్ఫా. 1988 జులై 6న ఉత్తర సముద్రంలోని ఈ చమురు ప్లాట్‌ఫారం మీద ఒక పంపును రిపేరు కోసం ఆపి ఉంచారు. దాని భద్రతా వాల్వును విప్పి తీసుకెళ్ళారు, ఆ చోట తాత్కాలికంగా ఒక మూత బిగించారు. పంపుకు ఒక పర్మిట్, వాల్వుకు ఇంకో పర్మిట్. రాత్రి షిఫ్టులో రెండో పంపు ఆగిపోయింది. పంపు పర్మిట్ చూసినవారికి పని ఇంకా మొదలు కాలేదని తెలిసింది, వాల్వు లేదన్న సంగతి మాత్రం తెలియలేదు. ఆపి ఉంచిన ఆ మొదటి పంపును స్టార్టు చేశారు, గ్యాసు లీకై పేలింది. 167 మంది పోయారు. దీంట్లో నేర్చుకోవాల్సింది షిఫ్టు మార్పు గురించి. వెళ్ళేవారూ వచ్చేవారూ ఎదురెదురుగా నిలబడి, తెరిచి ఉన్న పర్మిట్లన్నీ ఒక్కొక్కటే గట్టిగా చదువుకోవాలి. ఒకే మెషిన్ మీద రెండు పర్మిట్లుంటే రెండూ ఒకే చోట వేలాడాలి. పర్మిట్ బోర్డు ఆఫీసులో కాకుండా కంట్రోలు ప్యానెల్ పక్కనే ఉండాలి.

రిపేరు చేసేవారు మెయిన్ స్విచ్ ఆపి తమ సొంత తాళం వేసుకోవాలి. నలుగురు పనిచేస్తే నాలుగు తాళాలు, ఎవరి తాళం చెవి వారి జేబులోనే. తాళం వేశాక స్టార్టు బటన్ నొక్కి చూసి, కదలదని రుజువు చేసుకున్నాకే చేయి పెట్టాలి. "ఆపాను అన్నాడు" అనే మాట మీద పోయిన వేళ్ళు లెక్కలేనన్ని.

ట్యాంకులోకి దిగేముందు గాలి కొలవాలి. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5కు తగ్గినా, 23.5 దాటినా దిగకూడదు. ముక్కును నమ్మవద్దు. మురుగు గుంటల్లో వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది, ఎక్కువైతే వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది. ఇలాంటి చోట్ల ఒకరు పడిపోతే కాపాడబోయి దిగినవారు కూడా పడిపోతుంటారు. అందుకని పైన నిలబడే మనిషి పని ఒక్కటే: దిగకుండా ఉండటం, తాడుతో లాగడం, సాయం పిలవడం. నిప్పు పని అయిపోయాక కనీసం అరగంట, వీలైతే గంట అక్కడ ఒకరు కాపలా ఉండాలి. నిప్పురవ్వ వెంటనే అంటుకోదు, అందరూ టీకి వెళ్ళాక అంటుకుంటుంది.

6. చెడ్డ కబురు పైకి వచ్చే దారి వేయండి

ఈ మెట్టు దగ్గరే చాలా వ్యవస్థలు కూలిపోతాయి, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

నేను పనిచేసిన ఒకచోట "త్రుటిలో తప్పిన ఘటనలు" రాసి వేయడానికి ఒక పెట్టె పెట్టాను. మొదటి నెల పదకొండు చీటీలు వచ్చాయి. అందులో ఒకటి ఫోర్క్‌లిఫ్టు వెనక్కి వస్తూ ఒకామెను తాకబోయిందని. ఆ విభాగం మేనేజరు చేతిరాత పోల్చి చూసి, ఒకతన్ని తన గదిలోకి పిలిచి, "ఇది రాసింది నువ్వేనా?" అని అడిగారట. అంతే, ఇంకేం అనలేదు. రెండో నెల పెట్టెలో చీటీలు సున్నా. ఆయన దాన్ని భద్రత మెరుగుపడినట్టు రిపోర్టులో చూపించారు.

పిల్లి మెడలో గంట కట్టేవారికి మీరు ముందుగా కవచం ఇవ్వాలి. చెప్పినందుకు శిక్ష లేదని ప్రకటిస్తే చాలదు. చెప్పిన ప్రతిదానికీ 48 గంటల్లో జవాబు వెళ్ళాలి, అది "ప్రస్తుతానికి చేయలేం, ఎందుకంటే..." అన్నదైనా సరే. సరిచేసినదాన్ని చెప్పినవారికి ముందుగా చూపించండి. చెప్పడం తేలిక కావాలి: రెండు పేజీల ఫారం కాకుండా ఒక ఫోటో, ఒక వాయిస్ మెసేజ్, సూపర్‌వైజర్‌తో ఒక మాట. రాయడం రానివారు మీ సంస్థలో ఉంటే, పెట్టె వారికి గోడతో సమానం.

"ప్రమాదం లేకుండా గడిచిన రోజులు: 212" అనే బోర్డు ఉంటే తీసేయమని నా సలహా. వెయ్యి రోజులకు అందరికీ బహుమతి అని కూడా పెడతారు. తొమ్మిది వందల తొంభయ్యో రోజున వేలు తెగినవాడు గుడ్డ చుట్టుకుని ఇంటికి పోతాడు, నలుగురి బహుమతి తన వల్ల పోకూడదని.

చిన్న గాయాల లెక్క పెద్ద ప్రమాదానికి అద్దం అనుకోవడం ఇంకో పొరపాటు. 1931లో అమెరికా బీమా సంస్థలో పనిచేసిన హైన్‌రిక్ ఒక పెద్ద గాయానికి 29 చిన్నవి, 300 గాయం లేని ఘటనలు ఉంటాయన్నారు. ఆ త్రికోణం ఇప్పటికీ ప్రతి శిక్షణలో కనిపిస్తుంది. త్రుటిలో తప్పినవాటిని పట్టించుకోమని చెప్పడానికి అది బాగానే ఉంది, లెక్కగా మాత్రం పట్టుకోవద్దు. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ చమురు రిఫైనరీలో ఒక టవరు పొంగిపొర్లి, పేలుడు జరిగి 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. తర్వాత విచారించిన నిపుణుల బృందం తేల్చిన వాటిలో ఒకటి: జారిపడటం, కోసుకోవడం లాంటి గాయాలు తగ్గడం చూసి సంస్థ ప్లాంటు మొత్తం భద్రంగా ఉందనుకుంది. మెట్ల మీద రెయిలింగు పట్టుకుని నడిచినంత మాత్రాన టవరు పొంగిపొర్లకుండా ఉండదు.

7. జరిగాక విచారించే పద్ధతి

మొదట మనిషికి చికిత్స, తర్వాత ఆ చోటును కదపకుండా ఉంచడం, తర్వాత ఫోటోలు, చూసినవారి మాటలు. విచారణకు ఒక్క నియమం పెట్టుకోండి: కారణం గడిలో "అజాగ్రత్త" అని రాయకూడదు. ఆ మాట రాయగానే ఆలోచన ఆగిపోతుంది.

ఎందుకు అని మళ్ళీ మళ్ళీ అడగడం టొయోటా వారి నుంచి వచ్చిన పద్ధతి. ఆ కర్ర పట్టుకున్నవాడి చేయి ఒకవేళ నలిగి ఉంటే? నడుస్తున్న బెల్టులో చేయి ఎందుకు పెట్టాడు: ఆపితే నలభై నిమిషాలు పోతాయి. ఎందుకు అంతసేపు: షిఫ్టుకు ఒక్కరే మెకానిక్. ఎందుకు ఒక్కరే: పోయినేడు ఇంకొకరిని తీసేశారు. అప్పుడు ఈ ప్రమాదం ఎవరైనా ఊహించారా: లేదు, మనుషుల్ని తగ్గించే నిర్ణయాన్ని భద్రత వైపు నుంచి ఎవరూ చూడలేదు. ఇలా వెళ్తే సరిచేయాల్సింది ఆ కుర్రాడినొక్కడినే కాదని తేలుతుంది. ఒకే గొలుసు పట్టుకుని ఆగిపోవద్దు కూడా. గార్డు ఎందుకు లేదు, కర్రను రోజూ చూసిన సూపర్‌వైజర్ ఎందుకు ఊరుకున్నాడు అన్నవి వేరే గొలుసులు. దొరికిన ప్రతి కారణం పక్కన ఒక పేరు, ఒక తేదీ రాయండి.

8. శిక్షణ, కాంట్రాక్టు కార్మికులు

శిక్షణ గురించి తక్కువే చెబుతాను. గదిలో వంద స్లైడ్ల కన్నా షిఫ్టు మొదట్లో మెషిన్ దగ్గర ఐదు నిమిషాలు మేలు. వారు మీకు తిరిగి చేసి చూపిస్తేనే నేర్చుకున్నట్టు, సంతకం పెడితే కాదు.

కాంట్రాక్టు కార్మికులకు కూడా అవే నియమాలు, అదే రక్షణ సామగ్రి, పని ఆపే అదే హక్కు. టెక్సాస్ సిటీలో చనిపోయిన 15 మందీ కాంట్రాక్టర్ల తరఫున వచ్చినవారే. ప్లాంటుకు దగ్గరగా పెట్టిన ట్రెయిలర్లలో, వాటి పక్కన ఉన్నారు. తక్కువ రేటు వేసినవారికి పని ఇచ్చేటప్పుడు, ఆ తగ్గించిన డబ్బు ఎక్కడ మిగిల్చుకుంటారో ఒకసారి అడగండి.

9. ఎమర్జెన్సీకి సిద్ధం కావడం

బయటికి వెళ్ళే తలుపులన్నీ లోపలి నుంచి తాళం చెవి లేకుండా తెరుచుకోవాలి. 1911 మార్చి 25న న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ మంటల్లో 146 మంది పోయారు, తాళం వేసిన తలుపు ఒకటి అందుకు కారణాల్లో ఒకటి. ఇప్పటికీ "దొంగతనం జరుగుతుందని" వెనక తలుపుకు గొలుసు వేసే చోట్లున్నాయి.

బయటపడే అభ్యాసాన్ని, అంటే డ్రిల్లును, ముందుగా చెప్పి, ఎండ లేని వేళ చూసి చేస్తే అది షికారు అవుతుంది. ఒకసారైనా చెప్పకుండా చేయండి. ఒక దారి మూసేయండి. చక్రాల కుర్చీలో ఉన్నవారు, అప్పుడే వచ్చిన విజిటర్ ఎలా బయటపడ్డారో చూడండి. బయట లెక్కపెట్టేవారి దగ్గర ఆ రోజు లోపల ఉన్నవారి జాబితా ఉందా? మొదటిసారి నా దగ్గర నెల కిందటి జాబితా ఉంది.

కట్టడం మీద అనుమానం వస్తే డ్రిల్లు కోసం ఆగవద్దు. 2013 ఏప్రిల్ 23న బంగ్లాదేశ్‌లోని రాణా ప్లాజాలో గోడలకు పగుళ్ళు కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, షాపులు మూసేశారు. పైన బట్టలు కుట్టేవారిని మర్నాడు పనికి రమ్మన్నారు. ఆ రోజే భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. పగులు కనిపించలేదని కాదు, కనిపించాక పని ఆపే శక్తి కుట్టేవారి చేతిలో లేదు. మొదటి మెట్టులో అడిగిన మొదటి ప్రశ్న అందుకే.

10. లెక్కలు, సమీక్ష, సర్టిఫికెట్

గాయాల రేటును చాలాచోట్ల పది లక్షల పని గంటలకు లెక్కిస్తారు. నలభై మంది ఉన్న సంస్థలో ఏడాదికి సుమారు 80,000 గంటలు. ఒక్కరికి గాయమైతే రేటు 12.5, ఎవరికీ కాకపోతే సున్నా. ఇంత ఊగే అంకె చూసి సంబరపడటానికీ ఏం లేదు, బెంగపడటానికీ ఏం లేదు. చిన్న సంస్థలు వేరేవి లెక్కపెట్టుకోవాలి: ఈ నెల ఎన్ని ప్రమాదాలు ముందే చెప్పారు, వాటిలో ఎన్ని గడువులోపు సరయ్యాయి, పై మెట్లతో సరిచేసినవి ఎన్ని, బోర్డు పెట్టి వదిలేసినవి ఎన్ని. వీటితో పాటు నేనొకటి అడుగుతాను: ఈ నెల పని ఆపింది ఎవరు? ఎవరూ ఆపలేదంటే అంతా బాగుందనైనా కావచ్చు, ఆపడానికి భయపడుతున్నారనైనా కావచ్చు. నడిచి వెళ్ళి అడిగితే ఆ రెంటిలో ఏదో తెలిసిపోతుంది.

2018 మార్చిలో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ నుంచి వచ్చిన 45001 ప్రమాణం ఈ పనులన్నిటినీ ఒక చట్రంలో పెడుతుంది: ప్రణాళిక, అమలు, తనిఖీ, దిద్దుబాటు. కార్మికులను సంప్రదించాలనీ, నిర్ణయాల్లో భాగం చేయాలనీ అది గట్టిగా అడుగుతుంది. 2022 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సురక్షితమైన, ఆరోగ్యకరమైన పనిచోటును పనిలో ప్రాథమిక హక్కుల జాబితాలో చేర్చింది కూడా. సర్టిఫికెట్ కావాలనుకుంటే తీసుకోండి, కానీ పైన చెప్పినవి కనీసం ఏడాది నడిచాక. ముందు సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆడిటరు వచ్చే వారం కోసం బతకడం అలవాటవుతుంది.

ఆరు నెలలకోసారి రెండో మెట్టుకు తిరిగి వెళ్ళండి. పుస్తకం లేకుండా, రాత్రి షిఫ్టులో, అధిపతిని వెంటబెట్టుకుని. మేం అలా వెళ్ళినప్పుడు కన్వేయర్ పక్కన ఆ కర్ర ఇంకా ఉంది. గుండె జారిపోయింది. ఆపరేటర్ నవ్వి, "ఇప్పుడు దాంతో ఫ్యాన్ స్విచ్ వేస్తున్నాం సార్, ఎత్తులో పెట్టారు" అన్నాడు. జాబితాలో ఇంకో వరుస రాసుకున్నాం.